అమ్మ షుగర్ యాప్‌లో నేను నొక్కిన ‘అంగీకారం’ ఎంతవరకు చెల్లుతుంది?

ప్రశ్న: మాది హైదరాబాదులోని మలక్‌పేట. మా అమ్మగారికి 63 ఏళ్లు, చాలాకాలంగా షుగర్ ఉంది, ఇన్సులిన్ వాడుతున్నారు. ఏడాది చందాగా 18,000 రూపాయలు కట్టి ఆమెను ఒక షుగర్ యాప్‌లో చేర్పించాను. ఖాతా నా ఫోన్ నంబరుతోనే తెరిచాను, నిబంధనలకు నేనే ‘అంగీకరిస్తున్నాను’ అని నొక్కాను. కొన్ని నెలల తర్వాత యాప్‌లోని ‘హెల్త్ కోచ్’ రాత్రి ఇన్సులిన్ రెండు యూనిట్లు పెంచమని చాట్‌లో రాశారు. పెంచిన రాత్రే షుగర్ బాగా పడిపోయి అమ్మను ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చింది. ఆ తర్వాత ఒక బీమా ఏజెంట్ నా నంబరుకు ఫోన్ చేసి, అమ్మ పేరు, ఆమె మూడు నెలల షుగర్ సగటు చెప్పి మరీ పాలసీ తీసుకోమన్నాడు. చందా రద్దు చేయమంటే డబ్బు వెనక్కి రాదన్నారు, సమాచారం తొలగించమంటే జవాబే లేదు. ఆ వివరాలు అక్కడే ఉంటే రేపు అమ్మకు ఆరోగ్య బీమా దొరకదేమోనని భయంగా ఉంది. ఏం చేయాలి?
— ఒక పాఠకుడు, మలక్‌పేట

జవాబు: మీ ఆందోళన అంతా సమాచారం బయటికి పొక్కడం మీదే ఉన్నట్టుంది. న్యాయపరంగా చూస్తే మీ చేతిలో ఉన్న బలమైన అంశం అది కాదు, ఇన్సులిన్ మోతాదు మార్పు. సమాచారం ఎవరి దగ్గరి నుంచి ఎవరికి వెళ్లిందో రుజువు చేయడం కష్టం. మోతాదు పెంచమన్న చాట్ మీ ఫోన్‌లో ఉంది, ఆ రాత్రి ఆసుపత్రిలో చేర్చిన రికార్డు కూడా ఉంటుంది. అందుకే ముందుగా దాని సంగతి చెబుతాను.

2020 మార్చి 25న కేంద్రం విడుదల చేసిన టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం దూరం నుంచి మందు రాయగలిగేది, మోతాదు మార్చగలిగేది రిజిస్టరైన వైద్యుడు మాత్రమే, అతని రిజిస్ట్రేషన్ నంబరు కూడా రోగికి తెలియాలి. కృత్రిమ మేధతో నడిచే వేదికలు తమంతట తాము రోగికి సలహా ఇవ్వడాన్ని, మందులు సూచించడాన్ని ఆ మార్గదర్శకాలు స్పష్టంగా నిషేధించాయి. కాబట్టి మీరు సంస్థను లిఖితపూర్వకంగా అడగవలసిన మొదటి ప్రశ్న, ఆ రెండు యూనిట్ల సలహా వెనుక ఏ వైద్యుడున్నాడు, అతని రిజిస్ట్రేషన్ నంబరు ఏమిటి అన్నది. వైద్యుడి పేరు చెబితే అతనిపై ఫిర్యాదుకు అతను నమోదైన రాష్ట్రపు వైద్య మండలి ఉంది. చెప్పలేకపోతే ఆ మౌనమే మీ కేసుకు ఆధారమవుతుంది. ఇలాంటి యాప్‌లన్నీ ‘ఇది వైద్య సలహా కాదు’ అని అడుగున చిన్న అక్షరాల్లో రాసుకుంటాయి. ఒక నిర్దిష్ట రోగికి, ఒక నిర్దిష్ట మందును, ఇన్ని యూనిట్లు అని చెప్పిన తర్వాత ఆ వాక్యం వారిని పూర్తిగా కాపాడుతుందని నేను అనుకోను. అయితే అవతలి వకీలు ఆ రాత్రి ఆమె భోజనం చేశారా, వేరే మందు ఏదైనా వేసుకున్నారా అని తప్పక అడుగుతాడు. డిశ్చార్జి సమ్మరీలో షుగర్ ఎంతకు పడిపోయింది, వైద్యులు కారణం ఏమని రాశారు అన్నవి అందుకే కీలకం. వైద్య వృత్తి ప్రవర్తనా నియమావళి, 2002 ప్రకారం రోగి తరఫున రికార్డులు కోరితే 72 గంటల్లో ఇవ్వాలి. రాతపూర్వకంగా అడిగి తీసుకోండి.

ఈ ఫిర్యాదుకు సరైన వేదిక జిల్లా వినియోగదారుల కమిషన్. డబ్బు కట్టింది మీరే అయినా, మీ సమ్మతితో సేవ పొందిన మీ అమ్మగారు కూడా 2019 వినియోగదారుల రక్షణ చట్టం నిర్వచనంలో వినియోగదారే. సంస్థ ప్రధాన కార్యాలయం బెంగళూరులో ఉన్నా, ముంబయిలో ఉన్నా మీరు నివసించే హైదరాబాదులోనే ఫిర్యాదు వేయవచ్చు. కమిషన్ పరిధి మీరు చెల్లించిన సొమ్మును బట్టి నిర్ణయమవుతుంది కనుక, అడిగే పరిహారం ఎంతైనా 18,000 రూపాయల చందా జిల్లా కమిషన్ పరిధిలోకే వస్తుంది. చెల్లింపు 5 లక్షల లోపు కాబట్టి ఫీజు కూడా ఉండదు. కారణం ఏర్పడిన నాటి నుంచి రెండేళ్లలో వేయాలి. ‘డబ్బు వెనక్కి రాదు’ అన్న షరతును అన్యాయమైన ఒప్పందంగా కొట్టివేయమని నేరుగా అడగాలంటే మాత్రం రాష్ట్ర కమిషన్‌కు వెళ్లాలి. మీరు అంత దూరం వెళ్లనక్కరలేదు; సేవాలోపం జరిగింది కాబట్టి మిగిలిన నెలల చందా తిరిగి ఇప్పించమని, ఆసుపత్రి ఖర్చు, పరిహారం ఇప్పించమని జిల్లా కమిషన్‌నే కోరవచ్చు.

ఇక బీమా ఏజెంటు సంగతి. వినియోగదారుడు నమ్మకంతో ఇచ్చిన వ్యక్తిగత సమాచారాన్ని చట్టం అనుమతించని రీతిలో ఇతరులకు వెల్లడించడం అదే చట్టంలో అనుచిత వ్యాపార పద్ధతి. అదే ఫిర్యాదులో దీన్నీ చేర్చవచ్చు. సంస్థ ఎలాగూ ల్యాబు వాళ్లు ఇచ్చి ఉండవచ్చు, మందుల దుకాణం వాళ్లు ఇచ్చి ఉండవచ్చు అంటుంది. ఇక్కడ మీకు తెలియకుండానే ఒక మంచి ఆధారం మీ చేతికొచ్చింది: ఫోన్ వచ్చింది మీ నంబరుకు. ల్యాబులో, దుకాణంలో, ఆసుపత్రిలో మీ అమ్మగారి నంబరే ఇచ్చి ఉండి, ఆమె షుగర్‌ను మీ నంబరుతో ముడిపెట్టింది ఆ యాప్ ఒక్కటే అయితే అనుమానం గట్టి పడుతుంది. అలా కాకపోతే అది అనుమానంగానే మిగులుతుంది. కాల్ వచ్చిన తేదీ, సమయం, నంబరు రాసి పెట్టుకోండి.

సమాచార సాంకేతిక చట్టం కింద 2011లో వచ్చిన నియమాలు ఆరోగ్య స్థితిని, వైద్య రికార్డులను సున్నిత సమాచారంగా గుర్తించాయి. ముందస్తు అనుమతి లేకుండా, లేదా ఒప్పందంలో అంగీకారం లేకుండా వాటిని మూడో వ్యక్తికి ఇవ్వకూడదు; సంస్థలో ఫిర్యాదుల అధికారి ఉండాలి, ఫిర్యాదును నెలలోగా పరిష్కరించాలి. మీరు నొక్కిన నిబంధనల్లో ‘భాగస్వామ్య సంస్థలతో పంచుకుంటాం’ అన్న మాట ఉందో లేదో చూడండి, సంస్థ దాని వెనకే దాక్కుంటుంది. మీ వాదన కూడా అక్కడే ఉంది: ఆ అంగీకారం అమ్మగారిది కాదు. ఆమె మానసిక సామర్థ్యం ఉన్న పెద్దావిడ, మీరు ఆమెకు చట్టబద్ధ సంరక్షకులు కారు. ఇది రెండు వైపులా పదునున్న వాదన, ఎందుకంటే ఆమె తరఫున నొక్కానని చెప్పింది మీరే, ఆమె సేవను వాడుకున్నదీ నిజమే. చికిత్సకు అవసరమైనంత మేరకు ఆమె సమ్మతి ఉందని ఒప్పుకుని, బీమా వ్యాపారానికి లేదని వాదించడం మంచిది.

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం గురించి చాలామంది నన్ను అడుగుతున్నారు. ఈ విషయంలో ఆ చట్టం మాట చాలా స్పష్టం. టెలిమెడిసిన్ యాప్ ఒకటి ఫోన్‌లోని పేర్ల జాబితాకు కూడా అనుమతి అడిగి, వాడుకరి సరే అన్నా, వైద్య సేవకు ఆ జాబితా అవసరం లేదు కనుక ఆ అంగీకారం సేవకు కావలసినంత వరకే చెల్లుతుందని చట్టంలోనే ఉదాహరణ ఇచ్చారు. సమ్మతి కోరే నోటీసును తెలుగులో చదువుకునే వీలు కల్పించాలని కూడా ఉంది. కానీ నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. సంస్థల ప్రధాన బాధ్యతలకు ఇచ్చిన 18 నెలల గడువు 2027 మేలో ముగుస్తుంది. పైగా ఆ చట్టం కింద 250 కోట్ల వరకు వేయగల జరిమానా ప్రభుత్వ ఖజానాకే వెళుతుంది, రోగికి పైసా రాదు. దాని కోసం ఎదురుచూస్తూ రెండేళ్ల పరిమితిని పోగొట్టుకోవద్దు.

తొలగింపు విషయంలో తొందరపడకండి. ఖాతా తీసేస్తే చాట్ కూడా పోతుంది. ముందు మొత్తం చాట్‌ను, యాప్‌లోని షుగర్ రీడింగులను దించుకోండి. ఆ రీడింగులు అమ్మగారి వైద్యుడికీ కావాలి. ఎలక్ట్రానిక్ రికార్డుకు భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద ధ్రువపత్రం జతచేయాలి కనుక ఆ ఫోన్‌ను మార్చకండి. యాప్‌ను ఆభా నంబరుకు (ప్రభుత్వ డిజిటల్ ఆరోగ్య ఖాతా సంఖ్యకు) జోడించి ఉంటే ఆ అనుసంధానాన్ని విడిగా తొలగించాలి.

బీమా కోసం షుగర్ వివరాలు దాచాలన్న ఆలోచన ఉంటే మానుకోండి. ప్రతిపాదన పత్రంలో మధుమేహం రాయకపోతే రేపు క్లెయిం తిరస్కరించడానికి మీరే కారణం ఇచ్చినట్టవుతుంది. వెల్లడించి తీసుకుంటే, ప్రస్తుత నిబంధనల ప్రకారం ముందునుంచీ ఉన్న జబ్బుకు నిరీక్షణ కాలం 36 నెలలకు మించకూడదు. 60 నెలలు నిరంతరాయంగా పాలసీ సాగాక, మోసం రుజువైతే తప్ప, వివరాలు వెల్లడించలేదన్న సాకుతో క్లెయిం కాదనలేరు.

ఫిర్యాదుల అధికారికి రాసే లేఖ మీ పేరుతో కాకుండా మీ అమ్మగారి సంతకంతో వెళ్లాలి. వైద్యుడి వివరాలు, సమాచారం ఎవరెవరికి ఇచ్చారు, సమ్మతి ఉపసంహరణ, మిగిలిన చందా, ఈ నాలుగూ అందులో ఉండాలి. ఈమెయిల్‌తో పాటు స్పీడ్ పోస్టులోనూ పంపి, నెల రోజులు చూడండి. ఈలోగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో నమోదు చేయవచ్చు. వకీలు ఫీజు భారమైతే, మహిళగా మీ అమ్మగారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కుంది. పురానీ హవేలీలోని సిటీ సివిల్ కోర్టు న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు చేయవచ్చు.