నిద్రలో శ్వాస ఆగుతోంది... సీపాప్ కొనాలా, బైపాపా?

ప్రశ్న: నాకు 51 ఏళ్లు. ఎత్తు 5 అడుగుల 6 అంగుళాలు, బరువు 108 కిలోలు. గురక బాగా ఎక్కువ. మధ్యమధ్యలో శ్వాస ఆగి, ఉలిక్కిపడి లేస్తున్నానని మా ఆవిడ అంటోంది. పొద్దున లేవగానే తలనొప్పి. బీపీకి రెండు రకాల మాత్రలు వాడుతున్నాను. నిద్ర సరిపోవడం లేదని రెండు నెలలుగా రోజూ రాత్రి ఆల్ప్రజోలామ్ 0.5 వేసుకుంటున్నాను. పగలు కారు నడుపుతుంటే కళ్లు మూతపడుతున్నాయి. కోవిడ్ సమయంలో కొన్న ఆక్సిజన్ కాన్సంట్రేటర్ ఇంట్లోనే ఉంది. అది చాలా? తెలిసినవాళ్లు వాడిన బైపాప్ సగం ధరకు ఇస్తామంటున్నారు. సీపాప్ కన్నా అదే పవర్‌ఫుల్ అని విన్నాను. ఏ కంపెనీది మంచిది?
– ఓ పాఠకుడు, కరీంనగర్

జవాబు: సీపాప్, బైపాప్ రెండూ నిద్రలో మాస్క్ ద్వారా గాలి పంపే మెషీన్లే. వాటి సంగతి తర్వాత చూద్దాం. మీ ఉత్తరంలో నన్ను కంగారు పెట్టినవి ఆల్ప్రజోలామ్, కారు.

ఆ మాత్ర మీకు ఎవరు రాశారో చెప్పలేదు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకుని ఉంటారని నా అనుమానం. ప్రిస్క్రిప్షన్ లేకుండా అమ్మకూడని మందు అది. మీ లక్షణాలు చూస్తే అబ్‌స్ట్రక్టివ్ స్లీప్ ఆప్నియా ఉండే అవకాశం ఎక్కువ. ఇందులో నిద్రపోగానే గొంతు కండరాలు వదులై గాలి దారి మూసుకుపోతుంది. మెదడు మిమ్మల్ని తట్టి లేపడం వల్లే మళ్లీ ఊపిరి అందుతుంది. నిద్రమాత్ర ఆ కండరాలను మరింత వదులు చేస్తుంది, ఆ లేపడాన్నీ ఆలస్యం చేస్తుంది. నిద్ర పట్టినట్టే ఉంటుంది, లోపల ఆక్సిజన్ ఇంకా కిందికి పడిపోతుంది. మద్యం చేసేదీ ఇదే పని. నా దగ్గరికి వచ్చే గురక పేషెంట్లలో చాలామంది ముందు నిద్రమాత్రతో సొంత వైద్యం చేసుకునే వస్తారు. ఎన్నిసార్లు చెప్పినా ఇదే వరస. అలాగని రెండు నెలలు రోజూ వేసుకున్నదాన్ని రేపటి నుంచి ఒక్కసారిగా మానేయకండి. కొందరికి వణుకు, ఆందోళన, అరుదుగా ఫిట్స్ కూడా రావచ్చు. ఈ వారంలోనే డాక్టర్‌ను కలిసి, వారు చెప్పిన పద్ధతిలో మోతాదు తగ్గించుకుంటూ రండి. చికిత్స కుదురుకునే దాకా స్టీరింగ్ ఇంకెవరికైనా ఇవ్వండి.

ఇక పరీక్షలు. స్లీప్ స్టడీ, అంటే నిద్రలో మీ శ్వాసను, ఆక్సిజన్‌ను నమోదు చేసే పరీక్ష, లేకుండా ఏ మెషీనూ కొనవద్దు. గంటకు సగటున ఎన్నిసార్లు శ్వాస ఆగుతోంది, ఎన్నిసార్లు బాగా తగ్గుతోంది అన్నది ఏహెచ్ఐ అనే అంకెలో తెలుస్తుంది. 5 నుంచి 15 లోపు స్వల్పం, 15 నుంచి 30 మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. చేతి వాచీలో కనిపించే ఆక్సిజన్ అంకెలతో దీన్ని తేల్చలేం. మీ విషయంలో ఇంకొకటి కూడా చూడాలి. మీ బీఎంఐ (ఎత్తును బట్టి బరువును చూసే లెక్క) 38 దాటింది, పైగా పొద్దున్నే తలనొప్పి. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటోందేమో తెలుసుకోవడానికి ఏబీజీ (ధమని నుంచి రక్తం తీసి అందులోని వాయువులు చూసే) పరీక్ష అవసరం కావచ్చు. థైరాయిడ్ కూడా చూపించుకోండి.

కార్బన్ డయాక్సైడ్ గురించి ఎందుకింత చెబుతున్నానంటే, మీ కాన్సంట్రేటర్ ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది. గొంతు దగ్గర దారి మూసుకుపోతుంటే ముక్కు దగ్గర ఆక్సిజన్ పెట్టినంత మాత్రాన దారి తెరుచుకోదు. కార్బన్ డయాక్సైడ్ నిలిచిపోయే వారిలో ఒట్టి ఆక్సిజన్ ప్రమాదకరం కూడా. సొంతంగా పెట్టుకోవద్దు.

సీపాప్ రాత్రంతా ఒకే ప్రెషర్‌తో గాలి పంపి ఆ దారిని తెరిచి ఉంచుతుంది. ఆటో సీపాప్ అవసరాన్ని బట్టి ప్రెషర్‌ను తనే మార్చుకుంటుంది. మామూలు ఆప్నియాకు ఎక్కువమందికి ఈ రెంటిలో ఒకటి చాలు. బైపాప్‌లో ఊపిరి పీల్చేటప్పుడు ఒక ప్రెషర్, వదిలేటప్పుడు తక్కువ ప్రెషర్. కార్బన్ డయాక్సైడ్ పేరుకునేవారికి, సీపాప్‌ను తట్టుకోలేనివారికి దాన్ని రాస్తాం. అంతేగానీ అది పవర్‌ఫుల్ మోడల్ కాదు. పరీక్షల తర్వాత మీకు బైపాపే కావలసి రావచ్చు, అక్కర్లేకపోనూవచ్చు.

వాడిన మెషీన్ జోలికి వెళ్లకపోవడమే మేలు. అందులో ప్రెషర్ వాళ్లకు పెట్టింది, మీకు కాదు. పైగా శబ్దం తగ్గించే ఫోమ్ లోపల పొడిగా రాలుతోందని ఫిలిప్స్ 2021 జూన్‌లో తన సీపాప్, బైపాప్ మోడళ్లు చాలావాటిని వెనక్కి పిలిచింది. మీకు ఇస్తామంటున్నది ఏ మోడలో, ఏ ఏడాదిదో!

కంపెనీ పేరు చెప్పను. మీ ఊళ్లో సర్వీసు, విడిభాగాలు దొరికేది చూడండి. మెషీన్ కన్నా మాస్క్ మీద ఎక్కువ సమయం పెట్టండి. ముక్కు మాస్క్, ముక్కు రంధ్రాల దగ్గర మాత్రమే ఉండే పిల్లోస్, నోరు కూడా కప్పే ఫుల్ ఫేస్ మాస్క్ ఉంటాయి. పడుకుని, ప్రెషర్ ఆన్ చేసి సరిచూసుకున్నాకే కొనండి. మెషీన్ అటకెక్కేది ఎక్కువగా మాస్క్ సరిపడకే. నోరు, ముక్కు ఎండిపోతుంటే గాలికి తేమ చేర్చే హ్యుమిడిఫయర్ పెట్టుకోవచ్చు, అందులో డిస్టిల్డ్ వాటరే పోయాలి. కనీసం నాలుగు గంటలన్నా పెట్టుకోవాలని చెబుతుంటాం గానీ, నిద్రపోయినంత సేపూ ఉండాలి. బరువు తగ్గడం గురించి మీకు వేరే చెప్పక్కర్లేదు.

బీపీ మాత్రలు ఆపకండి. మెషీన్ మొదలుపెట్టాక వాటి మోతాదు మార్చాలో లేదో మీ ఫిజీషియన్ చూసి చెబుతారు. ఈలోగా పంటికో కంటికో, చిన్నదే అయినా, ఏ ఆపరేషన్‌కు వెళ్లినా ఈ గురక సంగతి, ఆల్ప్రజోలామ్ సంగతి మత్తు డాక్టర్‌కు ముందే చెప్పండి.

(ఉత్తరంలోని వివరాల ఆధారంగా ఇచ్చిన సాధారణ సలహా ఇది. నేరుగా పరీక్షించిన డాక్టర్ మాటే అంతిమం.)
– పల్మనాలజిస్ట్