తొమ్మిదికీ పదికీ నడుమ వేసవి

పరకాల దగ్గర జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో మీ పాప తొమ్మిదో తరగతి పూర్తి చేసిందని, తోటి పిల్లలు అప్పుడే పదో తరగతి పాఠాలు మొదలుపెట్టారని, ఈ సెలవుల్లో ఆమె చేత ఏమి చదివించాలని మీరు అడిగారు. నా సమాధానం మీకు నచ్చకపోవచ్చు. జూన్ 12 దాకా పదో తరగతి లెక్కల పుస్తకాన్ని ఆమె చేతికి ఇవ్వకండి. ఆరో తరగతి పుస్తకం ఎవరింట్లోనైనా ఉంటే అడిగి తెచ్చి, అది ఇవ్వండి.

ఈ మాట ఎందుకు అంటున్నానో చెప్పాలంటే 2002 వేసవిలో నాకు జరిగిన అవమానం గురించి చెప్పాలి. మాది నర్సంపేట దగ్గర ఒక పల్లె. తొమ్మిదో తరగతిలో లెక్కల్లో నేనే మొదటివాణ్ణి. సార్ బోర్డు మీద చేసిన లెక్కను రెండుసార్లు చూసి రాస్తే మూడోసారి చూడకుండా రాయగలిగేవాణ్ణి కనుక, నాకు లెక్కలు వచ్చునని ఊరంతా నమ్మింది, నేనూ నమ్మాను.

ఆ ఏప్రిల్ చివరిలో, పరీక్షలు ముగిసిన నాలుగో రోజో ఐదో రోజో, మా నాయిన పది బస్తాల మిరపకాయలను ఊరివాళ్ల ట్రాక్టర్‌లో వేసుకుని వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు బయలుదేరుతూ నన్ను కూడా ఎక్కించుకున్నాడు. అంతకుముందు చాలా రోజులు ఇంటిల్లిపాదీ కల్లంలో కూర్చుని తాలు ఏరిన కాయలవి. రాత్రి యార్డులో బస్తాల మీదనే పడుకున్నాము. ఆ ఘాటుకు నాకు తెల్లవార్లూ తుమ్ములే. ఉదయం జెండా పాట, అంటే ఆ రోజు ధర పలికే వేలం, జరిగింది. జెండా పాటలో పలికే ధర ఆ రోజు వచ్చినవాటిలో మేలైన సరుకుకేనని, మన బస్తా విప్పి చూశాక పలికే ధర వేరుగా ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. మాకు క్వింటాలుకు 2,600 రూపాయలు పలికింది. కాంటా వేస్తే పది బస్తాలూ కలిపి నాలుగు క్వింటాళ్ల ఏడు కిలోలు తూగాయి.

నాయిన చదువు రెండో తరగతితో ఆగిపోయింది. “ఎంతయితదో చూడు బిడ్డా” అన్నాడు. నేను అరచేతి మీద పెన్నుతో 4.7 అని రాసుకుని, దానిని 2,600తో గుణించి, 12,220 రూపాయలని ధీమాగా చెప్పాను. కాసేపటికి గుమస్తా రాసి ఇచ్చిన తక్‌పట్టీలో, అంటే తూకమూ సొమ్మూ రాసిన చీటీలో, హమాలీ ఖర్చులు తీయకముందు మొత్తం 10,582 అని ఉంది. తేడా 1,638 రూపాయలు. మా ఇంట్లో ఆ రోజుల్లో అది చిన్న మొత్తం కాదు. నాయిన మెత్తని మనిషి, ఎవరి మీదనైనా గొంతు పెంచడం అంతకుముందు నేను చూడలేదు. ఆ రోజు మాత్రం నలుగురి ముందూ “నా కొడుకు తొమ్మిది చదివిండు, తరగతిల ఫస్టు, వాడు తప్పు చెప్తడా?” అంటూ గుమస్తా మీదికి వెళ్లాడు. చుట్టూ ఉన్న రైతులు ఇద్దరు ముగ్గురు మా పక్షాన మాట కూడా కలిపారు.

ఆ గుమస్తా వయసు మళ్లినవాడు. కోపగించుకోలేదు. తక్‌పట్టీని వెనక్కి తిప్పి, “ఏడు కిలోలంటే క్వింటాల్ల ఎన్నో వంతు బిడ్డా?” అని నన్ను అడిగాడు. నూటిలో ఏడు వంతులన్నాను. “మరి నువ్వు పదిట్ల ఏడు రాసినవు కదా” అని 4.07 అని రాసి చూపించాడు. అంటే లేని 63 కిలోల మిరపకాయలను, బస్తాన్నర సరుకును, నేను నా అరచేతిలో పండించాను. నాయిన ఆ కాగితం వైపు, నా వైపు చూసి, డబ్బులు లెక్కపెట్టుకుని బయటికి నడిచాడు. బస్టాండు దగ్గర నాకు చెరకు రసం ఇప్పించాడు, తాను తాగలేదు. ఊరు చేరేదాకా ఆ విషయం ఎత్తలేదు. ఆ తరువాత కూడా ఎన్నడూ ఎత్తలేదు.

మరునాడు చిన్నాయన కూతురి దగ్గర ఆరో తరగతి లెక్కల పుస్తకం తీసుకుని, స్నేహితులు చూస్తే నవ్వుతారని దానికి పాత పేపరు అట్ట వేసి, మొదటి పేజీ నుంచి చేయడం మొదలుపెట్టాను. స్థానవిలువలు, దశాంశాలు, భిన్నాలు, శాతాలు, రుణ సంఖ్యలు అన్నీ నాకు వచ్చినట్టే ఉండేవి కానీ, పుస్తకం మూసి కొత్త లెక్క వేసుకుంటే పదింటిలో నాలుగు తప్పేవి. ఆరు, ఏడు తరగతుల పుస్తకాలు పూర్తయ్యేసరికి రోహిణి కార్తె వచ్చింది. ఎనిమిదిలోని కారణాంక విభజన ముగిసేసరికి మృగశిర కూడా వచ్చి, ఇంట్లో చేపల కూర ఉడుకుతోంది.

బడి తెరిచిన రోజు, హన్మకొండలో వేసవి క్లాసులకు వెళ్లివచ్చిన ముగ్గురు పదో తరగతి లెక్కల్లో సమితులు, ప్రమేయాలు అనే పాఠాలు రెండూ అయిపోయాయని చెప్పారు. నేను పదో తరగతి పుస్తకంలో ఒక్క పేజీ కూడా చూడలేదు కనుక ఒక నెల భయపడ్డాను. దసరా సెలవుల నాటికి ఆ భయం లేదు. అప్పట్లో పదికి పదకొండు పేపర్లు ఉండేవి, లెక్కలకే యాభై మార్కుల చొప్పున రెండు. నాకు వాటిలో 41, 44 వచ్చాయి. ముందే చదివివచ్చిన ముగ్గురిలో ఇద్దరు నా వెనుకనే ఉన్నారు. ఒక్కడి అనుభవాన్ని పట్టుకుని అందరికీ చెప్పవచ్చునా అని మీరు అనవచ్చు. చెప్పవచ్చుననే నా నమ్మకం. ఇప్పుడు సాయంత్రాలు మా ఇంట్లో ఎనిమిది మంది పిల్లలకు లెక్కలు చెబుతున్నాను, వారిలో ఏడుగురు పదో తరగతి పాఠంలో కాక దాని కింద ఉన్న ఆరు, ఏడు తరగతుల దగ్గరే తడబడుతున్నారు.

మీ పాప ముందున్న పాఠాలనే చూడండి. వర్గ సమీకరణాలలో సగం పని ఎనిమిది, తొమ్మిది తరగతుల కారణాంక విభజనే. నిరూపక జ్యామితిలో సూత్రం కంఠస్థంగా వచ్చిన పిల్లలు కూడా మైనస్ మూడులోంచి మైనస్ ఐదు తీసివేసే దగ్గర ఆగిపోతారు. త్రికోణమితి అంటే భుజాల నిష్పత్తులు, నిష్పత్తి తెలియని వారికి అది మంత్రంలా ఉంటుంది. లెక్కలతో పోదు, భౌతికశాస్త్రంలో దర్పణాల సూత్రం భిన్నాలను కూడడమే. వస్తుదూరం, ప్రతిబింబ దూరాల విలోమాలను కూడితే నాభ్యంతరం విలోమం వస్తుందని అప్పజెప్పిన పిల్లవాడు ఇరవయ్యో వంతునూ ముప్పయ్యో వంతునూ కూడమంటే యాభయ్యో వంతు అంటాడు. అది సైన్సు తప్పని సార్ అనుకుంటాడు.

వేసవిలోనే పదో తరగతి సిలబస్ పూర్తి చేస్తామని పంచే కరపత్రాలను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. పద్నాలుగు అధ్యాయాల లెక్కల పుస్తకాన్ని మే నెల ఎండలో, రేకుల కింద, అరవై మందిని కూర్చోబెట్టి ముగించడం పూర్తి చేయడం ఎట్లా అవుతుందో నాకు అర్థం కాదు. సెలవులు ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 వరకు అనుకుంటే ఉండేది 49 రోజులు. అందులో పెళ్లిళ్లకు, అమ్మమ్మ ఊరికి, మామిడికాయ పచ్చళ్లకు పదిహేను రోజులు పోతాయి, పోవాలి కూడా. మిగిలిన రోజుల్లో ఎండ ముదరకముందు, ఉదయం ఆరు నుంచి ఏడున్నర వరకు ఆ గంటన్నర చాలు. మధ్యాహ్నం పుస్తకం ముందు కూర్చోబెడితే పిల్లలు నిద్రపోతారు, లేకపోతే పాఠం వింటున్నామని చెప్పి ఫోను చూస్తారు. ఈ రెండింటిలో నిద్రే మేలు.

ఇంకొక విషయం. మన ప్రభుత్వ బడుల్లో 2022-23 నుంచి ఇంగ్లీషు మీడియం మొదలై, పాఠ్యపుస్తకాలు ఒక పక్క తెలుగు, ఒక పక్క ఇంగ్లీషుతో వస్తున్నాయి. మీ పాప ఇంగ్లీషు మీడియం అయితే ముందు తెలుగు పేజీ చదవనివ్వండి, అందులో నామోషీ పడవలసినది ఏమీ లేదు. జూన్ మొదటి వారంలో పిల్లలను బడిలో చేర్పించే బడిబాట కోసం సార్లు ఊళ్లలోకి వస్తారు కదా, అప్పటిదాకా రాని లెక్కలన్నీ ఒక కాగితం మీద రాయించి పెడితే వాకిట్లోనే అడగవచ్చు.

మా పాపకు దశాంశాలు రాకపోవడమేమిటి అని మీరు అనుకుంటూ ఉంటారు. మా నాయిన కూడా నా గురించి అట్లాగే అనుకున్నాడు. ఈ సాయంత్రం మూడు కిలోల యాభై గ్రాములను కిలోలలో ఎట్లా రాస్తావని మామూలుగా అడగండి. 3.5 అని రాస్తే కోప్పడవద్దు. పక్కింటి పిల్లల ఆరో తరగతి పుస్తకం చిత్తు కాగితాల కింద తూకానికి పోకముందే అడిగి తెచ్చుకోండి.