నెట్‌బాల్ కోసం స్థలం అమ్మి ఆస్ట్రేలియా పంపాలా?

ప్రశ్న: మాది కావలి. మా అమ్మాయికి 21 ఏళ్లు, డిగ్రీ చివరి సంవత్సరం. నెట్‌బాల్‌లో రాష్ట్ర జట్టుకు ఆడింది, యూనివర్సిటీ తరఫునా వెళ్లింది. ఆస్ట్రేలియాలో చదువుకుంటూ ఆడితే ప్రొఫెషనల్ కావచ్చని, 25 లక్షలు అవుతుందని కన్సల్టెన్సీ వాళ్లు చెబుతున్నారు. టౌన్లో 40 అంకణాల స్థలం ఉంది. రొయ్యల గుంటల కోసం తెచ్చిన 3 లక్షల బాకీ రెండు రూపాయల వడ్డీతో నడుస్తోంది. స్థలం అమ్మేయమంటారా?

జవాబు: ఈ కారణంతో మాత్రం అమ్మకండి.

ఆస్ట్రేలియాలో నెట్‌బాల్‌కు జీతాలిచ్చే పెద్ద లీగు సూపర్ నెట్‌బాల్. అందులో ఉన్నవి 8 జట్లు, జట్టుకు 10 కాంట్రాక్టులు. అంటే అంత పెద్ద దేశం మొత్తానికి 80 చోట్లే. వాటిలో కొన్ని విదేశీయులకు వెళ్లే మాట నిజమే. కానీ వాళ్లు జమైకా నుంచి వచ్చిన జానియెల్ ఫౌలర్ లాంటి వాళ్లు. ఆమె ఎత్తు 198 సెంటీమీటర్లు, అంటే ఆరున్నర అడుగులు! న్యూజిలాండ్ లీగులో అయితే 6 జట్లే. పోనీ, ఆ 80 మందైనా నిశ్చింతగా ఉన్నారా అంటే అదీ లేదు. 2023 సెప్టెంబర్ చివర్లో కాంట్రాక్టులు ముగిశాయి. కొత్త ఒప్పందం డిసెంబర్‌లో గానీ కుదరలేదు. అన్నాళ్లూ జీతాల్లేవు. అక్కడ ఎంతోమంది పక్కన చదువో ఉద్యోగమో పెట్టుకునే ఆడతారు.

పిల్లల ఆట పేరెత్తితే తల్లిదండ్రులు కరిగిపోతారని కన్సల్టెన్సీలకు బాగా తెలుసు. కాబట్టి ఆ 25 లక్షలను చదువు ఖర్చుగానే లెక్కవేయండి. ఆ కోర్సుకు నెట్‌బాల్ లేకపోయినా ఉద్యోగం వస్తుందా? రాదనిపిస్తే అక్కడితో వదిలేయండి. వస్తుందనుకుంటే ముందు బ్యాంకులో విద్యారుణం అడగండి. 7.5 లక్షల దాకా తాకట్టు లేకుండా ఇచ్చే పథకం ఉంది. స్టూడెంట్ వీసాకు ఫీజు కాకుండా ఒక్క ఏడాది ఖర్చులకే 29,710 ఆస్ట్రేలియా డాలర్లు చూపించాలన్నది 2024 మే నుంచి ఉన్న నిబంధన. మన రూపాయల్లో అది 16 లక్షలు దాటుతుంది. కోర్సు ఫీజు, విమాన ఖర్చు కలిపితే వాళ్లు చెప్పిన 25 లక్షలు మొదటి ఏడాదికే చాలవచ్చు, చాలకపోవచ్చు.

మీ అమ్మాయి ఆటకు ఇక్కడే విలువ ఉంది. కేంద్ర ప్రభుత్వం స్పోర్ట్స్ కోటా ఉద్యోగాల జాబితాలో 2020లో నెట్‌బాల్‌ను చేర్చింది. మన రాష్ట్రంలోనూ స్పోర్ట్స్ కోటాను 3 శాతానికి పెంచారు. అక్కడ అడిగేది పతకం కన్నా ముందు సర్టిఫికెట్. రాష్ట్రం తరఫున జాతీయ పోటీల్లో ఆడినవారికి ఫారం 2, అంతర విశ్వవిద్యాలయ పోటీలకు ఫారం 3. పరీక్ష ముగిసి కాలేజీ వదిలేలోగా ఫారం 3 తీసుకోమనండి. తర్వాత ఆఫీసుల చుట్టూ తిరగడం నరకం. ఫారం 2 ఇచ్చే క్రీడా సంఘానికి మీ అమ్మాయి ఆడిన ఏడాది గుర్తింపు ఉందా లేదా కూడా చూసుకోండి. చాలామంది దెబ్బతినేది ఇక్కడే.

ఇక మోకాలి సంగతి. నెట్‌బాల్‌లో బంతి అందుకున్నాక దాంతో పరుగెత్తకూడదు, 3 సెకన్లలో వదిలేయాలి. పరుగులో గాల్లోకి లేచి, దిగినచోటే ఆగిపోవాలి కాబట్టి భారమంతా మోకాలి మీద పడుతుంది. ఏసీఎల్ (మోకాలి లోపల ఎముకల్ని పట్టి ఉంచే లిగమెంట్) తెగితే ఆపరేషన్, ఏడాది దాకా ఆట బంద్. అందుకే ఆమె పేరు మీద ఇప్పుడే కనీసం 5 లక్షల హెల్త్ పాలసీ తీసుకోండి. దెబ్బ తగిలాక తీసుకుంటే ఆ దెబ్బ చికిత్సకు 3 ఏళ్ల దాకా డబ్బు ఇవ్వకుండా వెయిటింగ్ పెట్టవచ్చు. వ్యక్తిగత పాలసీల మీద 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ కూడా లేదు. ప్రమాద బీమా తీసుకుంటే మాత్రం షరతులు చదవండి. వృత్తిగా ఆడే ఆటలో తగిలిన దెబ్బకు డబ్బు ఇవ్వబోమని చాలా పాలసీల్లో రాసి ఉంటుంది.

బాకీ విషయానికి వస్తే, రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. మీ 3 లక్షల మీద ఏటా 72 వేలు పోతోంది. ఈసారి రొయ్యలు పట్టగానే ముందు ఇది తీర్చండి. పంట దెబ్బతింటే ఇంట్లో బంగారం బ్యాంకులో పెట్టి అయినా తీర్చండి, వడ్డీ సగానికి సగం తగ్గుతుంది.

కన్సల్టెన్సీకి అడ్వాన్స్ ఇంకా ఇవ్వకపోతే ఇవ్వకండి. ఏ క్లబ్బు, జీతం ఎంత, ఎన్ని నెలలకు అన్నది ఆ క్లబ్బు లెటర్‌హెడ్ మీద రాయించి తెమ్మనండి.