ముందు గోడ ఆరాలి

పర్లాకిమిడి

అమ్మలూ,

నీకు, అల్లుడుగారికి, బుజ్జిగాడికి అత్త దీవెనలు. నిన్న రాత్రి నీ ఫోను వచ్చినప్పటి నుంచి నా మనసు మీ ఇంట్లోనే తిరుగుతోంది. బాత్రూమ్ పైకప్పు మూలన నల్లచుక్కలు, బ్లీచింగ్ వేసి తోమితే పోయినట్టే పోయి పదిహేను రోజులకి మళ్ళీ రావడం, తలుపు తియ్యగానే ముక్కిన వాసన, వీటికి తోడు పిల్లాడికి రాత్రిళ్ళు పిల్లికూతలు. ఫోనులో అయితే సగం చెప్పి సగం మర్చిపోతాను. అందుకని మీ మావయ్యకి కాఫీ ఇచ్చేసి, కుదురుగా కూర్చుని రాస్తున్నాను.

పిల్లాడిని ముందు డాక్టరుకి చూపించు. ఆయాసం తత్వం ఉన్న పిల్లలకి బూజు పట్టిన ఇంట్లో అది ఎక్కువవుతుంది. ఇల్లు బాగుచేశాక చూద్దాంలే అని ఆగకు.

ఇక గోడ సంగతి. నువ్వు పదిహేను రోజులకోసారి బూజుని తోముతున్నావు, తడిని ఎక్కడిదక్కడే ఉంచుతున్నావు. నేనూ ఏళ్ళ తరబడి అదే చేశాను తల్లీ. బూజు విత్తనం కంటికి కనపడదు, గాలిలో ఎప్పుడూ ఉంటుంది, మీ ఇంట్లోనూ మా ఇంట్లోనూ. దాన్ని లేకుండా చెయ్యడం ఎవరి వల్లా కాదు. సబ్బు మడ్డి, గోడ మీద పేరుకున్న దుమ్ము దానికి తిండి. మన చేతిలో ఉన్నదల్లా నీళ్ళే. తడిసిన చోటు ఒకటి రెండు రోజుల్లోపు పూర్తిగా ఆరిపోతే అక్కడ బూజు లేవడం కష్టం.

ఆ తడి ఎక్కణ్ణించి వస్తోందో తెలుసుకోకుండా పైసా ఖర్చు పెట్టకు. ఒక చిన్న పరీక్ష చెప్తాను. చుక్కలున్న చోటు తుడిచి, పైపైన ఆరనిచ్చి, అరచెయ్యంత పల్చటి ప్లాస్టిక్ కాగితం గోడకి ఆనించి, నాలుగు అంచులూ గాలి దూరకుండా టేపుతో అతికించు. ఒక రోజు అలా వదిలెయ్యి. మర్నాడు చూస్తే కాగితానికి వెనక, గోడ వైపు, నీటి బొట్లు కనిపిస్తే తడి గోడలోంచి వస్తోందన్నమాట: పైపు కారడమో, పైన డాబా మీద నీళ్ళు నిలవడమో. బొట్లు నీ వైపున పట్టి వెనక పొడిగా ఉంటే అది స్నానాల ఆవిరి, గాలి ఆడక గోడకి పట్టిన చెమట. ఈ రెండిటికీ మందులు వేరు. గోడ మీద తెల్లగా పిండిలా ఏదైనా లేస్తే అది బూజు కాక ఉప్పు కావచ్చు. వేలికి రాసుకుని నీళ్ళలో ముంచినప్పుడు కరిగిపోతే ఉప్పే. అయితే ఉప్పు పూసిందంటే ఆ గోడలో నీళ్ళు నడుస్తున్నాయనే అర్థం.

మా ఇంట్లో జరిగింది విను, నీకు పనికొస్తుంది. మా పడకగది బీరువా బాత్రూమ్ గోడకి ఆనుకుని ఉండేది. బాత్రూమ్ లోపల అదే గోడకి నల్లమచ్చ. నేను తోమడం, మీ మావయ్య సున్నం వేయించడం. తర్వాత ఒకాయన వచ్చి లోపలివైపు వాటర్‌ప్రూఫ్ పెయింట్ వేస్తే ఇక చూసుకోనక్కర్లేదన్నాడు. వేయించాం. మరుసటి వానాకాలానికి ఆ పెయింట్ అప్పడంలా ఉబ్బి, గోరు తగిలిస్తే ఊడొచ్చింది. ఆ ఏడే బీరువా తెరిచి నా పెళ్ళినాటి బరంపురం పట్టుచీర తీశాను, మీ తాతయ్య స్వయంగా వెళ్ళి కొన్న చీర. మడత విప్పితే గుడి అంచు పొడుగునా బూడిదరంగు చుక్కలు, కింది మడతలో దారం చిట్లి. ఆ చీర పట్టుకుని నేలమీద కూలబడ్డాను. అప్పుడు కానీ ఒక ముసలి మేస్త్రిని పిలవలేదు. ఆయన పెయింట్ సంగతే ఎత్తలేదు. రాత్రి కొళాయిలన్నీ కట్టేయించి, డాబా మీది ట్యాంకులో నీటి మట్టం దగ్గర గీత గీయించాడు. తెల్లారేసరికి నీళ్ళు గీతకి నాలుగు వేళ్ళు కిందికి దిగాయి. గోడలో దాచిన పైపు బెండు దగ్గర సన్నటి చీలిక. టైల్సు రెండు పగలగొట్టి పైపు మార్చాడు. నెల్లాళ్ళు గోడని తెరిచి వదిలేసి, ఆరాకే సిమెంటు వేశాడు. ఆ మచ్చ మళ్ళీ రాలేదు.

మీరుండేది పై అంతస్తు కాబట్టి ముందు డాబా చూడు. బాత్రూమ్ మీదుగా నీళ్ళు నిలుస్తున్నాయేమో, వాన నీటి గొట్టంలో ఆకులు అడ్డం పడ్డాయేమో చూడు. మీ బాత్రూమ్ నేల నుంచి కింద ఇంటివాళ్ళకి దిగుతోందేమో అనుమానమైతే, జాలీ దగ్గర గుడ్డతో మూసి, నీలిమందు కలిపిన నీళ్ళు నిలగట్టి, కింది కప్పు మీద నీలం మచ్చ దిగుతుందేమో చూడమను. కారడం బయటపడితే అది ఇంటాయన చేయించాల్సిన పని. అద్దెకుండేవాళ్ళం అని మొహమాటపడకు. ఫోటోలు తీసి తారీఖుతో సహా ఇంటాయనకి పంపు. ఆయన గోడే పాడవుతోంది.

ఆవిరి తడి అయితే పని నీ చేతిలోనే ఉంది. వెంటిలేటర్ గాజు పలకల మీద దోమల కోసం అట్ట అతికించానన్నావు చూడు, ఆ అట్ట ఈ రోజే పీకెయ్యి. దాని బదులు దోమతెర వల బిగించు, నెలకోసారి కడుగు. వల కళ్ళు దుమ్ముతో పూడుకుపోతే అదీ అట్టలాంటిదే. ఎగ్జాస్ట్ ఫ్యాన్ లేకపోతే పెట్టించు. చిన్న బాత్రూమ్‌కి 6 అంగుళాల ఫ్యాను చాలు. గాలి వీధిలోకి పోవాలి, అటక మీదికి కాదు. స్నానం మొదలెట్టినప్పుడు వేసి, అయ్యాక మరో 20, 30 నిమిషాలు తిరగనియ్యి. బయటికి గాలి పోవాలంటే లోపలికి రావాలి కదా, అందుకని తలుపు కింద వేలెడు సందు ఉండాలి. మీ తలుపు కింద రబ్బరు పట్టీ వేశారంటే తీసేయండి.

బరంపురంలో మీకో ఇబ్బంది ఉంది. గోపాల్‌పూర్ సముద్రం పట్టుమని 20 కిలోమీటర్లు లేదు. జూన్‌లో వచ్చే రజ పండుగ నుంచి కార్తీకం దాకా బయటి గాలే చెమ్మగా ఉంటుంది. తేమ కొలిచే మీటరు కొన్నానన్నావు. ఇంట్లో 60 శాతం దాటకుండా చూసుకోమంటారు, నిజమే, కానీ శ్రావణంలో కిటికీ తెరిచినా అది 80 చూపిస్తే కంగారుపడకు. ఆ గాలిని నువ్వు మార్చలేవు. టైల్సు మీది నీళ్ళు తుడవగలవు. ఒక రబ్బరు వైపర్ బాత్రూమ్‌లోనే వేలాడదీయి. ఆఖరున స్నానం చేసినవాళ్ళు గోడలు పైనుంచి కిందికి, తర్వాత నేల జాలీ వైపుకి లాగాలి. రెండు నిమిషాల పని. అల్లుడుగారికి కూడా చెప్పు, నేను చెప్పానని చెప్పు. బకెట్టు బోర్లించండి, మగ్గు వేలాడదీయండి, షాంపూ సీసాల కింద చూడండి, బూజు మొదట అక్కడే పుడుతుంది. తడి తువ్వాళ్ళు, పిల్లాడి బట్టలు లోపల ఆరెయ్యకండి. వాన పట్టిన రోజుల్లో తలుపు తెరిచి, టేబుల్ ఫ్యాను బయట గదిలో పొడి చోట పెట్టి లోపలికి తిప్పితే చాలు. ఫ్యాను మాత్రం బాత్రూమ్‌లోకి తీసుకెళ్ళకు, కరెంటుతో పరాచికాలు వద్దు.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చినప్పుడు మాకు రోజుల తరబడి కరెంటు లేదు. ఫ్యాను లేదు, ఎండ లేదు. అప్పుడు పొడిగుడ్డలతో రోజుకి మూడుసార్లు గోడలు తుడిచి గట్టెక్కాం. తలుపొక్కటి పోయింది. చెక్క తలుపు అడుగు అంచుకి ఎవరూ రంగు వెయ్యరు, కనపడదు కదా అని. అక్కడి నుంచే నీళ్ళు పీల్చి ఉబ్బి, నల్లబడింది. మీది చెక్క తలుపయితే దింపించి ఆ అంచుకి రెండు పూతలు వేయించు.

ఇప్పుడున్న చుక్కలు తీసే పద్ధతి చెప్తాను. పొడిగా ఉన్నప్పుడు గీకకు, బూజు పొడి ఇల్లంతా ఎగురుతుంది. తడిపి, సబ్బునీళ్ళతో బ్రష్షు పెట్టి రుద్దు. టైల్సుకి చాలాసార్లు అదే సరిపోతుంది. మరక పోకపోతే సీసాలో దొరికే బ్లీచ్ ఒక వంతుకి పదహారు వంతుల నీళ్ళు కలిపి రాసి, కాసేపాగి కడిగి, పొడిగుడ్డతో తుడిచెయ్యి. గ్లౌజులు వేసుకో, కిటికీ తెరిచి ఉంచు, పిల్లాడిని పక్కింటికి పంపు. సున్నం గోడ లోపలికి దిగిన బూజుకి బ్లీచ్ అందదు, పైన తెల్లబడుతుందంతే. అక్కడ చెడిన పూత గీకించి, ఆరాక కొత్తది వేయించాలి. టైల్సు సందుల్లో సిమెంటు రాలిపోయి ఉంటే ఎపాక్సీ అనే గట్టి జిగురు మిశ్రమం నింపించు, ఖరీదు ఎక్కువే అయినా అది నీళ్ళు పీల్చదు.

ఇది మాత్రం ప్రాణం మీదికొచ్చే మాట, జాగ్రత్తగా చదువు. బ్లీచింగ్‌లో ఇంకేదీ కలపకు. నిన్న "తెల్లగా రావాలని టాయిలెట్ యాసిడ్ కూడా కలిపా, కళ్ళు మండాయి అత్తా" అన్నావు. అమ్మలూ, ఆ రెండూ కలిస్తే క్లోరిన్ విషవాయువు పుడుతుంది. మూసిన బాత్రూమ్‌లో అది ఊపిరితిత్తుల్ని కాల్చేస్తుంది. వెనిగర్‌తోనూ అంతే. అమ్మోనియా ఉన్న క్లీనర్లతో ఇంకో విషం. పొరపాటున కలిస్తే ముక్కు మూసుకుని బయటికి వచ్చెయ్యి, కడగడానికి నిలబడకు. యాసిడ్ సీసా, బ్లీచింగ్ వేర్వేరు అరల్లో పెట్టు, పిల్లాడి చెయ్యి అందని ఎత్తులో.

మీ పక్కింటి ఒడియా ఆవిడ ఫింపికి, అంటే బూజుకి, ఎండే మందు అందన్నావు. నిజమే చెప్పింది. మబ్బు విడిచిన మధ్యాహ్నం తలుపు, వెంటిలేటర్ బార్లా తెరిచి, డోర్‌మ్యాట్లు, బకెట్లు, వైపర్ అన్నీ డాబా మీద ఎండలో పడెయ్యి.

ఈ వేళే ఆ ప్లాస్టిక్ కాగితం అతికించు. రేపు రాత్రి బొట్లు ఏ వైపున పట్టాయో ఫోన్ చేసి చెప్పు. గోడ వైపయితే మీ మావయ్య ఆదివారం ఆ మేస్త్రిని వెంటబెట్టుకుని వస్తానంటున్నారు.

ఉంటాను,
మీ అత్త