మహర్ రెజిమెంట్ వ్యాసంలో గొడవకు సమాధానం

తమ్ముడూ, మన సైన్యంలోని మహర్ రెజిమెంట్ గురించిన వికీపీడియా వ్యాసంలో నువ్వు ‘అజేయ’, ‘సాటిలేని’ అని రాస్తే అవతలాయన తీసేశాడు, ఆయన శ్రీలంకలో మన శాంతిసేన మీద వచ్చిన ఆరోపణలు చేర్చితే నువ్వు తీసేశావు, అంతే కదా? ముందు అది ఆపు. ఇంగ్లీషు వికీపీడియాలో 24 గంటల్లో ఒకే పేజీలో మూడుసార్లకు మించి ఎదుటివాళ్ల మార్పులు రద్దుచేస్తే నిన్ను మార్పులు చేయకుండా నిరోధిస్తారు, నీ మాట సరైనదైనా సరే.

మన సిరోంచ, బల్లార్షా వైపు ఆ రెజిమెంటు మీద ఎంత గౌరవముందో నాకూ తెలుసు. ఆ గౌరవం విశేషణాల్లో కాదు, వివరాల్లో కనబడాలి. ‘అసమాన వీరులు’ తీసేసి, ‘1987 నవంబర్ 25న శ్రీలంకలో పోరాడుతూ మరణించిన 8వ మహర్ బెటాలియన్ మేజర్ రామస్వామి పరమేశ్వరన్‌కు మరణానంతరం పరమవీర చక్ర ఇచ్చారు’ అని మూలంతో పెట్టు. దాన్ని ఎవరూ కదిలించలేరు.

ఇక ఆరోపణల సంగతి. ఆయన ఇచ్చిన మూలం తెరిచి చదువు, అందులో మహర్ బెటాలియన్ పేరుందా? మొత్తం శాంతిసేన గురించే ఉంటే అది శాంతిసేన వ్యాసంలోకి పోవాలి, చర్చ పేజీలో ఆ మాటే మర్యాదగా అడుగు. పేరుంటే మాత్రం ఎవరు ఆరోపించారో, సైన్యం ఏమందో చెప్పి ఉంచాల్సిందే, మనకు నచ్చకపోయినా.

మీ కాక చెప్పిన యుద్ధం సంగతులు ఎంత నిజమైనా అచ్చయిన మూలం లేనిదే పెట్టకు. తెలుగు వికీపీడియా వ్యాసంలో అయితే రచ్చబండలో, అంటే అక్కడి సభ్యులంతా చర్చించుకునే పేజీలో, అడుగు. వాట్సాప్ గ్రూపులో లింకు పెట్టి మనవాళ్లను మద్దతుకు పిలవకు, అది కూడా అక్కడ తప్పే.