పాప బడి గురించి సుజాతకు

చి.ల.సౌ. సుజాతకు,

పెదనాన్న ఆశీస్సులు. నువ్వు వాట్సాప్‌లో పంపిన నాలుగు బడుల బ్రోచర్లూ చూశాను. పాపను ఆరో తరగతికి ఎక్కడ చేర్చాలి, పాటా బొమ్మలూ బాగా నేర్పే బడి ఏది అని అడిగావు. ఇన్నేళ్లు సర్కారు బళ్లలో సంగీతం చెప్పినవాణ్ని కాబట్టి నాకు తోచింది రాస్తున్నాను. అల్లుడికి కూడా చదివి వినిపించు.

స్కూల్ డే చూసి మాత్రం బడిని ఎంచుకోవద్దమ్మా. చానా చోట్ల దానికి నెల ముందు బయటి నుంచి డాన్స్ మాస్టర్‌ను పిలిపిస్తారు, డ్రెస్సులు అద్దెకు తెస్తారు. పండగ అయిపోయాక ఆ మాస్టర్ మళ్లీ ఆ గేటు తొక్కడు. నువ్వు మామూలు బుధవారమో గురువారమో వెళ్లు. ఆరో తరగతి టైంటేబుల్, ఎనిమిదో తరగతి టైంటేబుల్ రెండూ చూపించమను. ఆరులో వారానికి రెండు సంగీతం పీరియడ్లు ఉండి, ఎనిమిదికొచ్చేసరికి లేకపోతే వాళ్ల ఉద్దేశం నీకు తెలిసిపోతుంది. సంగీతం టీచర్ ఎంత కాలంగా ఉన్నారో అడుగు. టీచర్ ఏటా మారేచోట పిల్లలు ప్రతి జూన్‌లోనూ మళ్లీ మొట్టమొదటి పాఠాలైన సరళీ స్వరాలతోనే మొదలుపెడతారు. జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఆ పీరియడ్‌లో స్లిప్ టెస్టులు పెడుతున్నారా అన్నది ఆఫీసులో అడగొద్దు, సాయంత్రం గేటు దగ్గర పిల్లల కోసం నిలబడ్డ తల్లుల్ని అడుగు.

పిల్లల నోటుబుక్కులు కూడా చూడు. రెండేళ్లు నేర్చుకున్న పిల్ల దగ్గర సరళీ స్వరాలు, జంట స్వరాలు, ఏడు తాళాల్లో స్వరాల అభ్యాసాలైన సప్తతాళ అలంకారాలు, రెండు మూడు గీతాలు రాసుకున్న నోటుబుక్కు ఉండాలి. వీలైతే ఏడో తరగతి పిల్లనెవరినైనా పిలిపించి ఒక అలంకారం రెండు కాలాల్లో, అంటే రెండు వేగాల్లో, పాడించమను. గొంతు ఎట్లా ఉందో పట్టించుకోకు. చేత్తో తాళం వేస్తోందా, రెండో కాలంలోకి వెళ్లినప్పుడు స్వరాలు మాత్రమే రెట్టింపై, తాళం నడక అట్లాగే నిలిచి ఉందా, అది చూడు. ఈ ఒక్కటీ సరిగ్గా ఉంటే అక్కడ నిజంగా నేర్పే మనిషి ఉన్నట్టు. గదిలో శ్రుతి మోగుతూ ఉండాలి, తంబురా అయినా సరే, ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టె అయినా సరే. కీబోర్డు ఒక్కటే పెట్టి కర్ణాటక సంగీతం చెబుతున్నామంటే ఒప్పుకోకు. స్వరాన్ని ఊపుతూ పలికించే గమకం దాని మీద పలకదు.

తిరుపతిలో చానా బళ్లలో అన్నమయ్య కీర్తనలు పాడిస్తారు. నాకు చానా ఇష్టమైన సంగతి అది. అయితే పాడిన పిల్లను ఇది ఏ రాగం తల్లీ అని అడుగు, ఒక చరణానికి అర్థం చెప్పమను. చెప్పగలిగితే ఆ టీచర్‌కు మనసులోనే ఒక నమస్కారం పెట్టుకో.

బొమ్మల సంగతి గోడల మీదే తెలిసిపోతుంది. గోడకు అంటించిన ముప్పై బొమ్మల్లోనూ అవే రెండు కొండలు, అదే గుడిసె, మధ్యలో అదే సూర్యుడు ఉంటే పిల్లలు బోర్డు చూసి దించారన్నమాట. ఒక్కొక్కటీ ఒక్కో రకంగా, కొన్ని వంకరగా ఉంటే సంతోషించు. గుడ్డ మీద కలంతో బొమ్మలు వేసే కలంకారీ పని చూపించడానికి కాళహస్తికి పిల్లల్ని ఎప్పుడైనా తీసుకెళ్లారా అని కూడా అడుగు. తిరుపతి నుంచి 40 కిలోమీటర్ల లోపే కదా. గుడ్డను కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో నానబెట్టి ఆరబెట్టడం, వెదురు కలంతో గీత గీయడం, బెల్లంలో ఇనుప ముక్కలు వేసి రోజుల తరబడి ఊరనిచ్చి నలుపు తయారుచేయడం, ఇదంతా పిల్లలు ఒక్కసారి కళ్లారా చూస్తే చాలు, రంగు పెట్టెలోంచి మాత్రమే రాదని తెలుస్తుంది. బడి తీసుకెళ్లకపోతే మీరే ఒక ఆదివారం తీసుకెళ్లండి.

ఇప్పుడు నేను అన్నిటికంటే గట్టిగా చెప్పేది. బడి ఎన్ని గంటలకు వదులుతుందో చూడు. మీరుండేది తిరుపతిలో. దేవస్థానం వారి శ్రీ వేంకటేశ్వర సంగీత నృత్య కళాశాల 1959 నుంచీ అక్కడ ఉంది. నాదస్వరం, డోలు నేర్పే పాఠశాల ఉంది. సంప్రదాయ శిల్పం, కలంకారీ నేర్పే సంస్థ ఉంది. మహతి ఆడిటోరియంలోనూ అన్నమాచార్య కళామందిరంలోనూ కచేరీలు, హరికథలు జరుగుతూనే ఉంటాయి. ఇంత సంపద చుట్టూ పెట్టుకుని, ఐఐటీ ఫౌండేషన్ పేరుతో ఆరున్నర దాకా కూర్చోబెట్టే బడిలో వేస్తే పాపకు ఏం మిగులుతుంది? బస్సు దిగి ఇంటికొచ్చేసరికి ఏడు. ఇంక గురువు దగ్గరికి ఎప్పుడు వెళుతుంది, సాధన ఎప్పుడు చేస్తుంది? నాలుగింటికి వదిలే, ఇంటికి దగ్గరగా ఉండే మామూలు బడి, దానికి తోడు వారానికి రెండు మూడు సాయంత్రాలు మంచి గురువు దగ్గర పాఠం, నా ఓటు దీనికే. నీ జాబితాలో మూడోది పెద్ద పేరున్న బడే, కానీ అలిపిరి దాటి అంత దూరం బస్సులో రానూపోనూ పాప అలసిపోతుంది.

అల్లుడిది రైల్వే ఉద్యోగం కాబట్టి కేంద్రీయ విద్యాలయాన్ని వదలొద్దు. కేంద్ర ఉద్యోగుల పిల్లలకు అక్కడ ముందు సీట్లిస్తారు. ప్రైమరీకి సంగీతం టీచర్ పోస్టు, పైతరగతులకు ఆర్ట్ టీచర్ పోస్టు ఆ వ్యవస్థలోనే ఉన్నాయి. ఆ పోస్టు ఇప్పుడు భర్తీ అయి ఉందా ఖాళీగా ఉందా అని మాత్రం కనుక్కో. నవోదయలో కూడా సంగీతానికీ ఆర్ట్‌కీ విడివిడిగా టీచర్లుంటారు గానీ అది హాస్టల్ చదువు. మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ గురించి అడిగావు. 1926 నాటి బడి, చెట్ల మధ్య పిల్లలు పాటతో, బొమ్మలతో పెరుగుతారు, అందులో సందేహం లేదు. ఫీజు సంగతి పక్కన పెట్టినా, అమ్మమ్మ పక్కన పడుకుని పాడుకునే పిల్లను ఈ వయసులో దూరం పంపడానికి నా మనసు ఒప్పడం లేదు.

పైతరగతుల గురించి రెండు ప్రశ్నలు వేసి పెట్టుకో. సీబీఎస్ఈ బడి అయితే, పదో తరగతిలో కర్ణాటక సంగీతం గానీ పెయింటింగ్ గానీ ఒక సబ్జెక్టుగా తీసుకోనిస్తారా? బోర్డు జాబితాలో ఉన్నా బడి నేర్పకపోతే లాభం లేదు. తొమ్మిది నుంచి పన్నెండు దాకా చదివే పిల్లల కోసం జరిగే కళల పోటీ, కళా ఉత్సవ్‌కు పిల్లల్ని పంపుతారా? అట్లాగే కేంద్ర సాంస్కృతిక సంస్థ సీసీఆర్‌టీ 10 నుంచి 14 ఏళ్ల పిల్లలకు కళల్లో స్కాలర్‌షిప్ ఇస్తుంది. పాపకు వచ్చే ఏడు పదేళ్లు నిండుతాయి, ఆ నోటిఫికేషన్ మీద ఒక కన్నేసి ఉంచు.

వేసవిలో మన పక్క ఊళ్లలో భారతం ఉత్సవాలు పెడితే పాపను తప్పకుండా పంపు. పగలు హరికథ, రాత్రి వీధి నాటకం, అర్జునుడి వేషగాడు తపస్సు మాను అనే ఎత్తైన స్తంభం ఎక్కే రోజు వచ్చే జనం, ఇవన్నీ ఏ బడీ చూపించలేదు. నిద్ర చెడుతుందని ఆపొద్దు, సెలవులే కదా.

వచ్చే వారం రెండు బళ్లు చూసి, టైంటేబుళ్లకు ఫోన్‌లో ఫొటో తీసి నాకు పంపు. వెళ్లేటప్పుడు పాపను కూడా తీసుకెళ్లు, సంగీతం గదిలో కాసేపు కూర్చోనివ్వు. అడ్మిషన్ ఫీజు కట్టే ముందు ఒకసారి ఫోన్ చెయ్యి.

ఇట్లు,
మీ పెదనాన్న,
చిత్తూరు