మా ఊరికి సముద్రం లేదు, వరద మాత్రం అటు నుంచే వచ్చింది

"సముద్రం ఒడ్డు ఊళ్లలో గంటలోనే వరద ఎందుకు ముంచేస్తుంది, ఆపలేమా?" అని అడిగారు. మాది నల్లగొండ జిల్లా, చిట్యాల వైపు. సముద్రం చూడాలంటే రాత్రంతా బస్సులో కూర్చోవాలి. అయినా రాస్తున్నా, మమ్మల్ని ముంచిన వాన మీ సముద్రం నుంచే వచ్చింది మరి.

2020 అక్టోబర్ 13. పొద్దున్నే వాయుగుండం కాకినాడ దగ్గర తీరం దాటిందని టీవీలో చెప్పారు. దాటిపోయింది కదా అనుకున్నాం. దాటి మా మీదికే వస్తోందని ఎవరికి తట్టింది? పట్టిన వాన రాత్రయినా తెరిపి ఇవ్వలేదు.

ఊరికి ఎగువన కుంట ఉంది. నిండితే నీళ్లు పొర్లిపోయే దాని అలుగుకు చేపలు పోకుండా ఎవరో వల కట్టారు. కొట్టుకొచ్చిన సర్కారు తుమ్మ కంప, ప్లాస్టిక్ కవర్లు ఆ వలకు తట్టుకుని అలుగంతా మూసుకుపోయింది. తొమ్మిదింటికి కుంట నీళ్లు చూసుకునే నీరటి కాక వచ్చి మా నాయనను లేపాడు. "కట్ట మీద కాలు దిగబడుతుందిరా, కొడవలి పట్టు" అన్నాడు. ఇద్దరూ టార్చిలైటుతో పోయి వల కోశారు. కోయకపోతే కట్టే తెగేది, నాకు అనుమానం లేదు. కానీ ఆగిన నీళ్లన్నీ ఒక్కసారే దిగాయి. అలుగు కాలువ ఉండాల్సిన చోట ఇప్పుడు ఇళ్ల ప్లాట్ల వెంచర్ ఉంది. కాలువ పూడ్చి రెండడుగుల సిమెంటు పైపు వేశారు. పైపు పట్టని నీళ్లు మా గల్లీ పట్టాయి.

అరగంటలో మంచం కోళ్లు మునిగాయి. అమ్మ బియ్యం బస్తా ఎత్తమని అరుస్తోంది, నేను పశువుల్ని కట్టిన తలుగులు కోయడానికి కొట్టంలోకి ఉరికాను. బర్రె నిలబడింది. దూడ నిలబడలేదు. తెల్లారి చూస్తే బర్రె నీళ్లు తాగే గోలెంలో రెండు బొచ్చె చేపలు తిరుగుతున్నాయి. వల కట్టింది వాటి కోసమే!

వాన ఎక్కువ పడింది కాబట్టి వరద అంటే నేను నమ్మను. మా తాతల నాడు ఇంతకన్నా పెద్ద వానలే పడ్డాయంటారు. అప్పుడు కాలువ ఉంది, అంతే తేడా. మీ వైపు డ్రెయిన్ సముద్రంలో కలిసే మొగ దగ్గర ఇసుక మేట వేసినా, రొయ్యల చెరువు గట్లు అడ్డమొచ్చినా ఇదే కథ. పైగా మీకు పోటు ఒకటి. సముద్రం పోటు మీదుంటే డ్రెయిన్ నీళ్లు తీసుకోదు, వెనక్కి తోస్తుంది. వానాకాలానికి ముందే నలుగురు కలిసి మొగ దాకా నడిచి చూడండి.

అన్నట్టు, రైల్వే గేట్లు తీసేసి అండర్‌బ్రిడ్జీలు కట్టిన మహానుభావులకు ఒక దండం. 2022 జులైలో మహబూబ్‌నగర్ దగ్గర మాచన్‌పల్లి, కోడూరు మధ్య అలాంటి చోటే పిల్లల బస్సు నీళ్లలో ఇరుక్కుంది. పిల్లల్ని బయటికి తీశారు, నయం. గేటున్నప్పుడు పది నిమిషాలు ఆగేవాళ్లం, ఇప్పుడు బావిలోకి దిగుతున్నాం.

మా గల్లీ మునిగిన వారం తర్వాత నష్టం రాసుకోవడానికి ఒకాయన వచ్చి, దూడకు పోస్టుమార్టం కాగితం కావాలన్నాడు. "కొట్టుకపోయిన దూడను ఏ వాగులో దేవులాడాలె సారూ?" అని మా నాయన అడిగాడు. ఆయన పేజీ తిప్పి పక్కింటికి పోయాడు.